జనం ఉంటేనే దేవిడీ నిలుస్తుంది

హైదరాబాద్‌లో నవాబుల కాలం నాటి ఇళ్లలో ఇప్పటికీ బాగున్నవి ఎక్కువగా ఏదో ఒక పనికి వాడుకలో ఉన్నవే. ఫలక్‌నుమా 2010లో హోటల్‌గా తెరుచుకుంది. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ నడిచింది. ప్రభుత్వ ఆఫీసులున్న ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కట్టాలన్న కేబినెట్ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది.

పాతబస్తీ దేవిడీల సంగతి వేరు. మర్దానా, జనానా, మధ్యలో సెహన్ అంటూ ఒకే పెద్ద ఖాందాన్ కోసం కట్టినవి అవి. వారసులు పెరిగేకొద్దీ వరండాలో బాత్రూం, మూలకో వంటిల్లు, సెహన్‌కు అడ్డంగా గోడ వచ్చాయి. అది తప్పేం కాదు, అవసరం. చిక్కంతా మరమ్మతుల దగ్గరే. డంగుసున్నం గోడకు సిమెంటు పూస్తే తేమ బయటికి పోదు, గోడ లోలోపలే పాడవుతుంది. సున్నంతో చేయిద్దామంటే పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం, ఖర్చూ ఎక్కువే. విరాసత్ వాటాలు తేలని ఇంటికి ఆ ఖర్చు పెట్టేదెవరు? చివరికి బిల్డర్ వస్తాడు.

2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కానీ జాబితాలో పేరెక్కినంత మాత్రాన కప్పు కారడం ఆగదు. ఇంట్లో ఉండేవాళ్లకు మరమ్మతు సాయం అందాలి. కుటుంబాలు కూడా గోడలు బీటలు వారకముందే వాటాల మాట తేల్చుకోవాలి.