నాలా కనబడని ఉచితం

ఉపగ్రహాలతో భూమిని పరిశీలించే శాస్త్రంపై అంతర్జాతీయ సదస్సులు జరగడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 2002 డిసెంబరులో ఒకటి, 2014 డిసెంబరులో ఒకటి జరిగాయి. ఫొటోగ్రామెట్రీ, రిమోట్ సెన్సింగ్ అంతర్జాతీయ సంఘానికి చెందిన కమిషన్ల సింపోజియంలవి. 2022 అక్టోబరులో ఏకంగా ఐక్యరాజ్యసమితి ప్రపంచ జియోస్పేషియల్ మహాసభే ఇక్కడికి వచ్చింది. ఎవరినీ వెనక వదిలేయకూడదన్నది దాని నినాదం. ప్రతిసారీ ఎన్ని దేశాలు వచ్చాయో, ఎందరు ప్రతినిధులు వచ్చారో లెక్క చెబుతారు. సభ ముగిశాక ఈ ఊరి పౌరుడికి కొత్తగా ఎన్ని ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాయన్నది మాత్రం ఎవరూ అడగరు. సదస్సు విలువ తేల్చేది ఆ లెక్కే. నిజానికి ఆ చిత్రాలను అందించే నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974లో సికింద్రాబాద్ చిరునామాతోనే పుట్టింది. అదే తరవాత బాలానగర్ చేరి, 2008లో ఇస్రో కేంద్రంగా మారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) అయింది. అరవై కిలోమీటర్ల లోపే ఉన్న షాద్‌నగర్ స్టేషన్‌లో రోజూ చిత్రాలు దిగుతుంటాయి. ఇంత దగ్గరున్నా మన చెరువు స్పష్టమైన బొమ్మ మనకు ఉచితంగా దొరకదు.

ఈ చర్చలో అందరూ దాటేసే లెక్క ఒకటుంది. అమెరికా తన ల్యాండ్‌శాట్ చిత్రాలను వందల డాలర్లకు అమ్మినంతకాలం రోజుకు సగటున 53 పోయేవి. 2008లో వాటిని ఉచితం చేశాక రోజుకు 5,700 చిత్రాలు డౌన్‌లోడ్ అయ్యాయి. ఉపగ్రహాలు అవే, కెమెరాలు అవే, భూమీ అదే. ప్రధానంగా మారింది ధరే. అడవుల నరికివేత, నదుల కోత, పంటల విస్తీర్ణంపై ఆ తరవాత వెల్లువెత్తిన పరిశోధనలు ఆ 5,700 నుంచి వచ్చినవే. మన వేదికలపై మాత్రం కొత్త సెన్సర్లు, కృత్రిమ మేధ, ఎన్ని సెంటీమీటర్ల స్పష్టత అన్న ముచ్చట్లే సాగుతాయి. 53కూ 5,700కూ ఉన్న తేడాను ఏ సెన్సరూ తేలేదని చెప్పేవారే కరవు.

మనమూ తలుపులు తెరిచాం కదా అంటారు. తెరిచిన మాట నిజమే. 2023 అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకు మించి ముతకగా ఉండే చిత్రాలు అందరికీ ఉచితం. ఎన్‌ఆర్‌ఎస్‌సీ భూనిధి పోర్టల్‌లో దొరుకుతున్నాయి కూడా. చిక్కంతా ఆ 5 మీటర్ల గీత దగ్గరే ఉంది. అలా ఉచితంగా దొరికే చిత్రాలు తీసే ఇస్రో లిస్-4 కెమెరా స్పష్టత 5.8 మీటర్లు. అంటే ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద దాదాపు 40 గజాలు. సికింద్రాబాద్ బస్తీల్లో 40 గజాల్లో మూడు తరాలు కాపురముంటున్న ఇళ్లున్నాయి. అంత ఇల్లు ఒక చుక్కలో ఇమిడిపోతుంది, పక్కన పారే సన్నని నాలా ఆ చుక్కలోనే కలిసిపోతుంది. 2005లో వెళ్లిన కార్టోశాట్-1 స్పష్టత 2.5 మీటర్లు, ఒక్కో చుక్క ఏడున్నర గజాలు. గట్టు ఎక్కడుందో, నాలా మీదికి స్లాబు ఎక్కిందో లేదో అక్కడి నుంచే తెలియడం మొదలవుతుంది. సరిగ్గా అక్కడి నుంచే విధానం మాట మార్చింది: 5 మీటర్ల లోపు చిత్రాలు ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావాళ్లకు ‘సముచిత’ ధరకు.

ఈ షరతు ఎంత అన్యాయమో హైదరాబాద్ చెరువులను చూస్తే తెలుస్తుంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) ఎక్కడి దాకా, దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ ఎక్కడి దాకా అన్న తగాదాల్లో పాత ఉపగ్రహ చిత్రాలే సాక్ష్యంగా ముందుకొచ్చాయి. రావలసిందే. రెవెన్యూ రికార్డులు దిద్దినంత సులువుగా వాటిని దిద్దలేరు. కానీ ఆ తగాదాలో ఒక పక్షం ప్రభుత్వం, దానికి సాక్ష్యం ఉచితం. రెండో పక్షం ఇల్లు కొనుక్కున్న మధ్యతరగతి మనిషి, లేదా తమ చెరువు కబ్జా అయిందని మొత్తుకునే కాలనీ సంఘం. వాళ్లకు అదే సాక్ష్యం బిల్లు కట్టాక. సికింద్రాబాద్‌లో పికెట్ నాలా పొంగితే మునిగే బస్తీవాసి, ఇరవై ఏళ్ల కిందట ఆ నాలా ఎంత వెడల్పుందో చూపించి అధికారులను నిలదీయాలనుకున్నా అంతే. పన్ను కట్టి ఉపగ్రహాన్ని ఎగరేయించినవాడే దాని చిత్రాన్ని మళ్లీ డబ్బు పోసి కొనుక్కోవాలి.

భద్రత మాటేమిటి, సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ ఉంది కదా అనేవారున్నారు. 1999 నుంచి విదేశీ ప్రైవేటు ఉపగ్రహాలు మీటరు స్పష్టతతో చిత్రాలు అమ్ముతున్నాయి. 2014లో ఎగిరిన ఉపగ్రహంతో అది 31 సెంటీమీటర్లకు దిగింది. గూగుల్ ఎర్త్‌లో కంటోన్మెంట్ రోడ్లను ఎవరైనా చూస్తారు, పాత ఏళ్లకు వెనక్కి జరిపి మరీ చూస్తారు. ప్రపంచమంతా చూసే నేలను మన ఉపగ్రహం కళ్లతో మనమే చూడకూడదనడంలో భద్రత ఎక్కడుంది? నిజంగా దాచాల్సిన స్థావరాలుంటే వాటిని మినహాయించవచ్చు. చెరువులను ఆ లెక్కలో కలపనక్కర్లేదు. ల్యాండ్‌శాట్ ముతక చిత్రం, దానితో పోలిక చెల్లదన్న వాదనలో కొంత పస ఉంది. అందుకే నిన్నటి చిత్రం అడగడం లేదు. అయిదేళ్లు దాటినవి ఇవ్వమంటున్నాం. 2006 నాటి కార్టోశాట్ బొమ్మ అమ్మితే ఇస్రో ఖజానాకు చేరేదెంత? అమెరికాలోనూ 2018లో ల్యాండ్‌శాట్ చిత్రాలకు మళ్లీ రుసుము పెట్టే ఆలోచన చేశారు. వ్యతిరేకత రావడంతో అది ముందుకు సాగలేదు.

అసలు రోగం ధర ఒక్కటే కాదు, జనానికి తెలిస్తే ప్రమాదమన్న భయం. 2023 జనవరిలో, ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ పట్టణం 12 రోజుల్లో 5.4 సెంటీమీటర్లు కుంగిందని చిత్రాల ఆధారంగా ఎన్‌ఆర్‌ఎస్‌సీ నివేదిక పెట్టింది. ఒకటి రెండు రోజుల్లోనే అది వెబ్‌సైట్ నుంచి మాయమైంది. మీడియాతో మాట్లాడొద్దని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పరిశోధన సంస్థలను ఆదేశించింది. గోడలు బీటలువారిన ఇళ్లలో ఉన్నవాళ్లకు నేల కుంగుతున్న సంగతి తెలియనిదేమీ కాదు. వాళ్ల చేతిలో లేనిది అంకె మాత్రమే. ఆ అంకెనే లాగేసుకున్నారు. దీనికి మూడు నెలల ముందే ఎవరినీ వెనక వదిలేయొద్దంటూ మన ఊళ్లో మహాసభ ముగిసింది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి నైసార్ ఎగిరింది. నాసాతో కలిసి కట్టిన ఆ ఉపగ్రహం సమాచారం ప్రపంచానికంతటికీ ఉచితమన్నది ముందే కుదిరిన ఒప్పందం. పక్కన విదేశీ భాగస్వామి ఉన్నప్పుడు లేని అభ్యంతరం, పూర్తిగా మన డబ్బుతో కట్టిన కార్టోశాట్‌కు ఎందుకొస్తుంది? మరో అంతర్జాతీయ సదస్సుకు వేదిక కడతామని ముందుకొచ్చే అధికారులు స్వాగతోపన్యాసానికి ముందు ఒక్క అంకె ప్రకటించాలి: 5 మీటర్ల లోపు చిత్రాలను ప్రభుత్వేతరులు రోజుకు సగటున ఎన్ని కొంటున్నారు? అది 53 దాటిందో లేదో ప్రతినిధులందరి ముందూ చూద్దాం.