నాలుగేళ్ల చదువు, పాతికేళ్ల చిలుక

బీటెక్ నాలుగేళ్లు. రామచిలుక బాగా బతికితే పాతికేళ్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోకుండానే మనలో కొందరు పంజరం కొనేస్తున్నారు.

ముందు చట్టం సంగతి. రామచిలుకని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పాపం సంగతి మన పెద్దలే చెప్పారు: పూర్వజన్మలో చిలుకని పన్నెండేళ్లు పంజరంలో పెట్టినందుకే రామదాసుకి పన్నెండేళ్ల చెర అని.

'సరే, లవ్‌బర్డ్స్ కొంటాం' అంటారా? ఆ పేరుతో షాపుల్లో అమ్మేవి ఎక్కువగా బడ్జీలు. ఇవి ఐదు నుంచి పదేళ్లు ఉంటాయి. కాకటీల్ 15-20 ఏళ్లు. ఆఫ్రికన్ గ్రే అయితే 40 కూడా దాటగలదు. మరి మన రూముల్లో రెండేళ్లకే ఎందుకు పోతున్నాయి? చాలాసార్లు ఆయువు తీరి కాదు, మనకి తెలీక.

రోజూ కొర్రలూ పొద్దుతిరుగుడు గింజలే వేస్తే విటమిన్ ఎ తగ్గిపోతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది. మునగాకు, క్యారెట్, జామ ముక్క కూడా పెట్టాలి. పచ్చిమిర్చి ఇచ్చినా హాయిగా తింటుంది, దానికి కారం తెలీదు. చాక్లెట్, కాఫీ, అవకాడో మాత్రం విషం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ పిట్టని నిమిషాల్లో చంపేయగలదు. రాత్రి పది పన్నెండు గంటలు చీకట్లో నిద్ర కావాలి. తెల్లవార్లూ లైటు వెలిగే మన గదుల్లో అది కుదిరే పనేనా?

ఇంకోటి, చిలుక జబ్బుని దాచుకుంటుంది. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అందుకే వారానికోసారి డిజిటల్ త్రాసు మీద బరువు చూసి రాసుకోవాలి. పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్ ఎక్కడున్నారో కొనకముందే కనుక్కోవాలి.

ఇవన్నీ చేసే ఓపిక ఉన్నా ఒక ప్రశ్న మిగులుతుంది. ప్లేస్‌మెంట్ పుణెలో వస్తుందో, నోయిడాలో వస్తుందో మనకే తెలీదు. అప్పుడు పంజరం ఎవరికి అప్పజెప్తాం? మళ్లీ అమ్మకేనా? అమ్మ ముందే ఒప్పుకుంటే సరే. లేదంటే కొనొద్దు. వదిలేస్తే ఎగిరిపోతుందిలే అనుకోవద్దు. పంజరంలో పుట్టిన బడ్జీకి బయట తిండి వెతుక్కోవడం రాదు.