పొగ చూడకుండా ఇంజిన్ దించొద్దు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రోడ్ల మీద పాత మారుతి 800 పొగ వదిలితే చాలు, "బోరు పోయింది, ఇంజిన్ దించాలె" అంటారు. నేనైతే ముందు పొగ రంగు చూడాలంటాను.

నలుపైతే పెట్రోల్ ఎక్కువ పోతోంది. ఇంజిన్ వేడెక్కినా తెల్లగా, దట్టంగా వస్తుంటే కూలెంట్ లోపలికి దిగుతున్నట్టు. నీలమైతే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద, ఎక్సలేటర్ తొక్కినకొద్దీ పెరిగితే రింగుల మీద అనుమానం.

కంప్రెషన్ చూసి, తక్కువుంటే ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. మొదటే బాగుంటే సీల్స్‌తో మొదలుపెట్టొచ్చు, దానికి ఇంజిన్ దించక్కర్లేదు.

ఓవర్‌హాలింగ్ ఖర్చు చిన్నది కాదు. ఈ పరీక్షకు అరగంట చాలు. ఇంజిన్ గురించి చదివే మనమే అది అడగకపోతే ఇంకెవరు అడుగుతరు?