కాలినడకతో దేవుడు మనకు బాకీ పడడు



క్రిస్మస్ దగ్గర పడిందంటే మన సంఘాలలో ఒక మాట తిరుగుతుంది: "మెదక్ గుడికి నడిచి వస్తానని మొక్కుకోండి, కార్యం జరుగుతుంది." ఉద్యోగం రావాలన్నా, బిడ్డ పెళ్లి కుదరాలన్నా ఇదే సలహా. ఈ బోధను మేము ఒప్పుకోము. నడక చేతగాక కాదు. కరీంనగర్ నుండి సిద్దిపేట, రామాయంపేట మీదుగా మెదక్ దాకా వంద కిలోమీటర్లకు పైగా కాళ్లు బొబ్బలెక్కేలా నడిచినవారిగానే చెబుతున్నాము.

కొండగట్టుకు నడిచే పొరుగువారిని చూసి "దేవునితో బేరమా" అని నవ్వేవారు మనలో ఉన్నారు. గుడి పేరు మార్చి అదే బేరం మనం చేస్తే అది విశ్వాసమవుతుందా?

"అయ్యగారూ, మేము నడిచాం, మా కొడుక్కి ఉద్యోగం వచ్చింది" అంటారు. దేవునికి స్తోత్రం! అయితే అదే దారిలో, అదే ఎండలో నడిచినా బిడ్డ బాగుపడని తల్లికి ఏం చెబుతారు? ఇంకో రెండు రోజులు నడవమంటారా? విశ్వాసం చాలలేదంటారా? ఈ బోధ ఆ తల్లిని రెండోసారి ఏడిపిస్తుంది. మన రక్షణ కృపవలన కలిగింది. సిలువలో చెల్లించిన దానికి మన కిలోమీటర్లు కలపనక్కరలేదు.

అసలు ఆ గుడి ఎలా లేచిందో గుర్తు చేసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు కరువులో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలితో ఉన్న జనానికి ఆ కట్టడంలో పని ఇచ్చి తిండి పెట్టారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల ఆ గోపురం కింద ఉన్నది పేదల చెమట, వారి కడుపు నింపిన అన్నం. మొక్కుబడి కోసం కట్టిన గుడి కాదది.

ఏ కొండమీద ఆరాధించాలని సమరయ స్త్రీ అడిగితే ప్రభువు ఏ కొండనూ చూపలేదు. ఆత్మతోను సత్యముతోను ఆరాధించమన్నాడు.

మరి నడవడం తప్పా? కాదు. 120 నుండి 134 వరకు పదిహేను కీర్తనలు యాత్రకీర్తనలే. బాట మనకు నేర్పేది ఉంది. రోడ్డు పక్కన వడ్లు ఎండబోసుకున్న రైతులు మమ్మల్ని కల్లంలో పడుకోనిచ్చారు. మీరెవరు, ఏ కులం అని అడగలేదు. మాలో మాల, మాదిగ కుటుంబాలవారు ఒకే సీసా నీళ్లు తాగారు, ఒకే గిన్నెలోది తిన్నారు. గుడి చేరకముందే ప్రభువు మాకిచ్చిన మేలు అదే.

ఊరికి వచ్చాక ఏమవుతోంది? వాళ్ల సంఘం వేరు, మా సంఘం వేరు. పెళ్లి విందులో వాళ్ల వరుస వేరు, మన వరుస వేరు. సంబంధం మాట ఎత్తితే ముఖాలు మాడిపోతాయి. రెండు వీధుల మధ్య ఇరవై అడుగులు దాటలేని కాళ్లు మెదక్ దాకా నడిచి ఏం లాభం?

ఈ డిసెంబర్‌లో నడవదలచినవారు సంతోషంగా నడవండి. మొక్కును మాత్రం ఇంటి దగ్గరే వదిలేయండి. తిరిగి వచ్చిన ఆదివారం, మీరెన్నడూ గడప తొక్కని విశ్వాసి ఇంటికి వెళ్లి వారి చేతి అన్నం తినండి. నడవలేని ముసలివారు, రోగులు దిగులుపడవద్దు. ప్రభువే మీ మంచం దగ్గరకు నడిచి వస్తాడు.

అట్టి కృప దేవుడు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.