బూట్లకు మార్కులు వేసేటప్పుడు

ఏటా కొత్త తరగతిలోకి వెళ్లేటప్పుడు మనం రెండు జతల బూట్లు కొంటాం. మామూలు రోజులకు నల్లవి, హౌస్ టీ-షర్టు వేసుకునే రోజుకు తెల్లవి. దేశమంతా కలిపి కేంద్రీయ విద్యాలయాల్లో 13 లక్షలకు పైగా విద్యార్థులున్నారు కాబట్టి, ఇది చిన్న బేరమేమీ కాదు. కొనేటప్పుడు సైజు చూస్తాం, ధర చూస్తాం, ఏడాదంతా ఆగుతుందా అని అడుగు వంచి చూస్తాం. అది ఎక్కడ తయారైంది, ఎవరు కుట్టారు, ఆ ఊరి నీళ్లు ఏమయ్యాయి అని మాత్రం అడగం.

ఈ మధ్య కొన్ని కంపెనీలు డబ్బా మీద ఆకు బొమ్మ వేసి 'పర్యావరణ హితం' అని రాసుకుంటున్నాయి. ఏ కంపెనీ మంచిదో, ఏది కాదో చెప్పే గ్రేడుల పట్టికలూ వస్తున్నాయి. ఇలాంటి గ్రేడులు ఉండాలనే మేమూ అంటాం. కానీ నదికి వేరుగా, కార్మికుడికి వేరుగా మార్కులు వేసి, ఒకదాంట్లో ఫస్టు వచ్చింది చూడండి అని చూపించే గ్రేడును మాత్రం నమ్మకూడదు.

ఈ విషయం మనలాంటి పిల్లలకు త్వరగా అర్థం కావాలి. అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మనం వెళ్లే ఊళ్లలో చాలావాటికి బూట్లతో సంబంధముంది. కాన్పూరు చకేరీలో ఉండి వచ్చినవాళ్లకు జాజ్‌మవూ టానరీల సంగతి తెలుసు. అరక్కోణం నేవీ క్వార్టర్లలో ఉన్నవాళ్లకు రాణీపేట దగ్గరే. ఆగ్రాలో చదివినవాళ్లు తాజ్‌మహల్ గురించి చెప్పినంతగా అక్కడి బూట్ల పని గురించి చెప్పరు కానీ, ఆ ఊళ్లో వేలాది కుటుంబాలు బతికేది దాని మీదే. చెన్నై అడయారులో అయితే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ పేరుతోనే ఒక కేంద్రీయ విద్యాలయం ఉంది.

ముందు రాణీపేట, వాణియంబాడి, ఆంబూరుల సంగతి చెప్పాలి. ఇవి పాలార్ నది ఒడ్డు ఊళ్లు. ఇక్కడి టానరీల మురుగు నదిలోకి, పొలాల్లోకి చేరడంతో తాగునీరు పాడై, జనం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996 ఆగస్టులో కోర్టు తీర్పు ఇచ్చింది. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని అందులో రాశారు. చెడగొట్టినవాడే ఖర్చు భరించాలన్న సూత్రాన్ని మన దేశ చట్టంలో భాగంగా గుర్తించిన తీర్పు అది. ఇంత జరిగినా 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ అదే పాలార్ గురించి చెప్పాల్సి వచ్చింది. 1996లో పుట్టినవాళ్లకు ఈపాటికి పిల్లలు కూడా ఉండి ఉంటారు.

ఆ తీర్పు తర్వాత మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రాలు పనిచేయాల్సిందే అయింది. గ్రేడు వేసే పట్టికలో దీనికి మంచి మార్కులు పడతాయి, పడాలి కూడా. కానీ 2015 జనవరి 31న రాణీపేటలోని అలాంటి ఒక కేంద్రంలో బురద నిలవచేసిన తొట్టి గోడ కూలింది. పక్కనే పడుకుని నిద్రపోతున్న పది మంది ఆ బురదలో చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. నది కోసం కట్టిన తొట్టి కార్మికుల మీద కూలింది. అక్కడే వాళ్లు ఎందుకు పడుకున్నారు, వేరే చోటు ఎందుకు లేదు అన్నది ఏ పర్యావరణ పట్టికలోనూ కనిపించే గడి కాదు.

కాన్పూరులో ఇంకోలా జరిగింది. 2019 కుంభమేళా సమయంలో గంగ శుభ్రంగా ఉండాలని జాజ్‌మవూ టానరీలను నెలల తరబడి మూయించారు. గంగకు మేలే. కానీ రోజుకూలీకి ఆ నెలల్లో జీతం ఎవరిచ్చారు? అక్కడి తోలును విదేశాల్లో బూట్లుగా, సంచులుగా అమ్ముకునే బ్రాండ్లు ఆ ఖర్చులో భాగం పంచుకోవాలని ఏ నియమమూ లేదు. తక్కువ ధరకు ఎవరిస్తే వాళ్ల దగ్గర కొనడం, గొడవ వస్తే ఇంకో ఊరికి పోవడం వాళ్లకు కుదురుతుంది. నది, కూలీ అక్కడే ఉంటారు.

తోలు శుద్ధి చేయడం మొదటి నుంచీ ఇలా లేదు. మన పల్లెల్లో లందల్లో, అంటే తోళ్లు నానబెట్టే తొట్లలో, తంగేడు చెక్క, కరక్కాయ వేసి వారాల తరబడి ఊరబెట్టేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా మనకు తెలిసిన తంగేడే ఇది. క్రోమియం లవణాలు వచ్చాక వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతోంది, కానీ మిగిలిన క్రోమియం మురుగులో పోతుంది. పాత పద్ధతి స్వర్గమని మేము అనడం లేదు. ఆ పని చేసినవాళ్లను ఊరి చివర ఉంచి, వాళ్లు చేసిన చెప్పులు మాత్రం వేసుకుని తిరిగిన సమాజం మనది. వాళ్ల చేతికి విజ్ఞానం అందాలని పనిచేసిన శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ మన తెనాలి ప్రాంతం వారే. చెన్నైలోని ఆ తోళ్ల పరిశోధన సంస్థకు చాలాకాలం డైరెక్టరుగా ఉన్నారు. 1985లో కనిష్క విమాన ప్రమాదంలో మరణించారు. మన పాఠాల్లో ఆయన ఉండాల్సినంతగా లేరు.

నిజానికి మన స్కూలు నల్ల బూట్లు చాలావరకు తోలువి కావు. పైన కృత్రిమ పదార్థం, కింద పీవీసీ అడుగు. అయితే పాలార్‌తో మనకు పని లేదా అంటే, అప్పుడు లెక్క ఇంకో చోట మొదలవుతుంది. 2013లో అమెరికాలోని ఎం.ఐ.టీ. పరిశోధకులు ఒక జత రన్నింగ్ షూల మీద లెక్క వేశారు. 65 విడి భాగాలు, 360కి పైగా పనులు, దాదాపు 14 కిలోల కార్బన్ డయాక్సైడ్. అందులో మూడింట రెండు వంతులు ఫ్యాక్టరీలో తయారయ్యే దశలోనే వస్తుంది. డబ్బాను అట్టతో చేశాం అని చెప్పుకునే కంపెనీని అందుకే మేము పెద్దగా పట్టించుకోం.

జిగురు సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. అడుగును పైభాగానికి అతికించే ద్రావణంలో కొన్ని రకాలు నరాలను దెబ్బతీస్తాయి. 1960ల్లో జపాన్‌లో చెప్పులు అతికించే పని చేసినవాళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి, బలం తగ్గిపోయింది. జిగురులోని హెక్సేన్ దీనికి కారణమని వైద్యులు తేల్చారు. ఆగ్రాలో ఇప్పటికీ చాలా పని ఇళ్లలో, చిన్న గదుల్లో, జతకు ఇంత అని కూలి లెక్కన సాగుతుంది. గాలి ఆడని గదిలో జిగురు డబ్బా మూత తీసి ఉంటే, పని చేసేవాళ్లతో పాటు పక్కన హోంవర్కు చేసుకునే పిల్లలూ అదే గాలి పీలుస్తారు. ఏ గ్రేడు పట్టికా ఆ గది దాకా వెళ్లదు. పేరున్న కంపెనీ సొంత ఫ్యాక్టరీ దగ్గరే అది ఆగిపోతుంది.

మరి దేన్ని నమ్మాలి? మా దృష్టిలో మొదటి ప్రశ్న ఒక్కటే: ఫ్యాక్టరీల పేర్లు, ఊళ్లు బయట పెట్టారా? నైకీ కంపెనీ మీద 1990ల్లో కూలీల గురించి పెద్ద విమర్శలు వచ్చాయి. 2005లో అది తన ఫ్యాక్టరీల జాబితా ప్రకటించింది. అడిడాస్ కూడా ప్రకటిస్తోంది. మన ఆంధ్రప్రదేశ్‌లో తడ దగ్గర అడిడాస్ బూట్లు కుట్టే పెద్ద ఫ్యాక్టరీ ఉంది, పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. ఊరి పేరు తెలిస్తే ఎవరైనా వెళ్లి అడగవచ్చు, పత్రికవాళ్లు రాయవచ్చు, పనిచేసే అక్కలు తమ మాట చెప్పవచ్చు. ఊరి పేరే లేకపోతే ఆకు బొమ్మ ఎంత పచ్చగా ఉన్నా అది తన పేపరు తానే దిద్దుకున్నట్టే.

మన దేశంలో 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌లోని పెద్ద వెయ్యి కంపెనీలు నీళ్లు, వ్యర్థాలు, ప్రమాదాలు, కనీస వేతనాల గురించి సెబీకి ఏటా నివేదిక ఇవ్వాలి. బూట్ల కంపెనీలు కూడా అందులో ఉన్నాయి. పదకొండో తరగతి కామర్స్ వాళ్లు వాటిని తెరిచి చదవవచ్చు. పర్మనెంటు ఉద్యోగులు ఎందరు, కాంట్రాక్టు వాళ్లు ఎందరు అన్న పట్టిక ముందు చూడండి. అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇంట్లో ఒకరి జీతం మీద నలుగురు బతికేటప్పుడు తక్కువ ధర బూటు కొనడం తప్పు అని మేము అనం. కొనడం మానేయండి అని కూడా అనం. తడలోనో ఆగ్రాలోనో ఆర్డరు పోతే ముందు పోయేది కుట్టేవాళ్ల కూలే. మేము అడిగేది ఇంకొకటి. మన స్కూలు ప్రతి ఏడాది యూనిఫాం గురించి సర్క్యులర్ ఇస్తుంది, రంగు ఏమిటో రాస్తుంది. ఈసారి దాంతో పాటు, ఊళ్లో బూట్లు అమ్మే దుకాణాలకు ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక ఉత్తరం వెళ్లాలి: మీరు మా పిల్లలకు అమ్మే జత ఏ ఊళ్లో, ఏ యూనిట్‌లో తయారైంది? వచ్చిన జవాబులన్నీ నోటీసు బోర్డులో పెట్టాలి. జవాబు ఇవ్వని దుకాణం పేరు ఎదురుగా ఖాళీ గడి ఉంచాలి. ఉత్తరం ముసాయిదా మేము రాసి ఉంచాం. వచ్చే నెల విద్యార్థి సంఘం సమావేశంలో చదువుతాం.