ఫతే మైదాన్‌లో తేలిన ప్రపంచకప్

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పాతతరం ఫతే మైదాన్‌గా పిలిచే లాల్ బహదూర్ స్టేడియం చరిత్రను పురుషుల క్రికెట్‌తోనే ముడిపెట్టడం అలవాటైపోయింది గానీ, 1978 జనవరి 13న మహిళల ప్రపంచకప్ విజేత ఎవరో తేలింది ఈ మైదానంలోనే. ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతో తలపడే రౌండ్ రాబిన్ పద్ధతిలో, ఫైనల్ అన్నదే లేకుండా నాలుగు జట్లతో సాగిన ఆ టోర్నీలో, అప్పటివరకు ఓటమి ఎరుగని ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌ల మధ్య ఇక్కడ జరిగిన చివరి మ్యాచే నిర్ణాయకమైంది. ఇంగ్లండ్ 8 వికెట్లకు 96 పరుగులే చేయగా, మార్గరెట్ జెన్నింగ్స్ సారథ్యంలోని ఆస్ట్రేలియా ఇద్దరు బ్యాటర్లను మాత్రమే కోల్పోయి, తొలిసారి కప్పు గెలిచింది. పురుషుల ప్రపంచకప్ ఇదే మైదానానికి వచ్చింది 1987లో, అంటే తొమ్మిదేళ్ల తర్వాత. కొన్ని ఆటల్లో మహిళలు పురుషుల వెనకే రావాల్సి వచ్చింది: మంచు వాలు మీది నుంచి గాలిలోకి లంఘించే స్కీ జంపింగ్‌లో పురుషులకు 1924లోనే దక్కిన ఒలింపిక్ ప్రవేశం మహిళలకు 2014 దాకా దక్కలేదు. క్రికెట్‌లో మాత్రం 1973లో, పురుషులకంటే రెండేళ్లు ముందే, మహిళలు ప్రపంచకప్ ఆడారు. ఆనాడు మన దేశంలో వారి ఆటను నడిపింది భారత క్రికెట్ బోర్డు కాదు, 2006లో గానీ బోర్డులో కలవని భారత మహిళా క్రికెట్ సంఘం. కనుక ఆ మ్యాచ్ మరుగున పడటం ఆశ్చర్యకరం కాకపోవచ్చు గానీ, సమర్థనీయం మాత్రం కాదు. స్టేడియం చరిత్ర రాసేవారు, దాన్ని నిర్వహించేవారు ఇకనైనా ఆ తేదీకి మొదటి వరుసలో చోటివ్వాలి.