మెరిసేదంతా మంచి కత్తి కాదు

తక్కువ ఖర్చులో మంచి కత్తి కావాలంటే చూడాల్సింది మెరుపు కాదు, ఉక్కును. బస్తర్ ఇనుప కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. కొండగావ్ కమ్మరులు దీపాలు, బొమ్మలు చేసే ఇనుములో కార్బన్ చాలా తక్కువ. అందుకే అది చెప్పినట్టు వంగుతుంది. దీపానికి వరమైన ఆ గుణమే కత్తికి శాపం. ఆ ఇనుమును ఎంత కాల్చి ముంచినా పెద్దగా గట్టిపడదు, పదును నిలవదు.

పాత లారీ కమాన్ పట్టీ సంగతి వేరు. అందులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది. మళ్లీ 200 డిగ్రీల సెల్సియస్ పైన కాసేపు వేడిచేస్తే ఆ పెళుసుదనం తగ్గుతుంది. ఈ రెండో వేడి కంటికి కనిపించదు, కత్తి ఆయుష్షు మాత్రం దానిమీదే ఆధారపడుతుంది.

కాబట్టి సంతలో కమ్మరిని రెండు ప్రశ్నలడగాలి: ఇది ఏ ఇనుము? ముంచాక మళ్లీ కాచారా? అంచు మీద ఆకురాయితో మెల్లగా గీసి చూడాలి. సులువుగా అరిగితే కత్తి మెత్తనిదే. ఈ పరీక్షకు ఒప్పుకునే కమ్మరి దగ్గర బేరమాడకపోవడమే న్యాయం. ఆయన అమ్మేది ఇనుము ఒక్కటే కాదు, నిప్పు మీద పట్టు కూడా. ఇలాంటి కత్తికి తుప్పు పడుతుంది. వాడాక తుడిచి, కాస్త నూనె రాస్తే చాలు.